దాటాడు, ఎక్కాడు, దూరాడు: ఇంగ్లీషులో కదలికని చెప్పే చిన్న మాటలు

 

ఈ రోజు ఎపిసోడ్ ప్రిపోజిషన్ల మీద. అన్నీ కాదు, కదలికని చెప్పేవి మాత్రమే. టు, ఇంటూ, ఆన్‌టు, ఆఫ్, అక్రాస్, త్రూ, పాస్ట్, అలాంగ్... ఇవన్నమాట. భయపడకండి, లిస్టు ఇచ్చి బట్టీ పట్టమనను. లిస్టులు మీ దగ్గర ఇప్పటికే బోలెడు ఉంటాయి. స్క్రీన్‌షాట్లు తీసి గ్యాలరీలో దాచుకుని, మళ్ళీ ఎప్పుడూ తెరవని లిస్టులు. ఈ రోజు లిస్టు కాదు, లాజిక్ చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న పరీక్ష. ఐఎల్‌టీఎస్ రాయబోయేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అందులో లిజనింగ్ పేపర్‌లో 40 ప్రశ్నలు, ఆడియో సుమారు 30 నిమిషాలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, వెనక్కి తిప్పుకోవడం కుదరదు. కొన్నిసార్లు ఒక మ్యాప్ ఇచ్చి, దారి చెబుతూ ఉంటారు. ఏ బిల్డింగ్ ఎక్కడుందో మనం గుర్తుపట్టాలి. అలాంటిది ఒకటి నేనే తయారుచేశాను, వినండి.

“గో త్రూ ద మెయిన్ గేట్, వాక్ పాస్ట్ ద కెఫే, గో ఓవర్ ద బ్రిడ్జ్ అండ్ ఫాలో ద పాత్ రౌండ్ ద పాండ్. ద గిఫ్ట్ షాప్ ఈజ్ ఎట్ ద ఎండ్ ఆవ్ ద పాత్.”

గిఫ్ట్ షాప్ ఎక్కడుంది? ఇది క్లాసులో ఇస్తే, కొంతమంది వేలు కెఫే దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే చెవికి గేట్ వినబడింది, కెఫే వినబడింది, బ్రిడ్జ్ వినబడింది. పెద్ద మాటలన్నీ వినబడ్డాయి. వాటి మధ్య ఉన్న చిన్న మాట, ‘పాస్ట్’, జారిపోయింది. కెఫేకి వెళ్ళమనలేదు ఫ్రెండ్స్, కెఫే పక్కనుంచి దాటి వెళ్ళిపొమ్మన్నారు. ఆ ఒక్క మాట మిస్ అయితే మార్కు పోతుంది. మార్కు దగ్గరే ఆగదు కూడా. అర బ్యాండ్ తక్కువొచ్చిందని మళ్ళీ ఫీజు కట్టి పరీక్ష రాసేవాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు.

మరి ఇంత తెలివైన పిల్లలు, గేట్, బ్రిడ్జ్ వినబడినవాళ్ళు, ‘పాస్ట్’ ఎందుకు వినరు? అశ్రద్ధ వల్ల కాదు. మన తెలుగు మనకి వేరే చోట వినడం నేర్పింది. అసలు విషయం ఇదే, జాగ్రత్తగా వినండి.

తెలుగులో కదలిక ఎటు జరిగిందో చెప్పే పని క్రియది. ఎక్కాడు అంటే చాలు, పైకి అని తెలుస్తుంది. దిగాడు అంటే కిందికి. దాటాడు అంటే ఇటునుంచి అటు. దూరాడు అంటే లోపలికి. దారి మొత్తం ఆ ఒక్క క్రియలోనే ఉంది. మరి ఎలా వెళ్ళాడు, పరిగెత్తాడా, పాకాడా అనేది? దాన్ని పక్కన పెడతాం: “పరిగెత్తుకుంటూ రోడ్డు దాటాడు”, “పాక్కుంటూ గుడిసెలోకి దూరాడు” అంటాం.

ఇంగ్లీషు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తుంది. ఎలా వెళ్ళాడో క్రియలో చెబుతుంది, ఎటు వెళ్ళాడో చిన్న మాటలో చెబుతుంది. “హీ రాన్ అక్రాస్ ద రోడ్.” రాన్ అంటే పరిగెత్తడం. దాటడం ఎక్కడుంది? ‘అక్రాస్’లో ఉంది. “హీ క్రాల్డ్ ఇంటూ ద హట్.” క్రాల్డ్ అంటే పాకడం. దూరడం ఎక్కడుంది? ‘ఇంటూ’లో ఉంది.

లియొనార్డ్ టాల్మీ అని ఒక అమెరికన్ భాషాశాస్త్రవేత్త ప్రపంచంలోని భాషల్ని ఈ లెక్కన రెండు రకాలుగా విడదీసి చూపించాడు: దారిని క్రియలో పెట్టేవి, దారిని క్రియ పక్కనున్న చిన్న మాటలో పెట్టేవి. ఇంగ్లీషు రెండో రకం. మనం మాట్లాడే ఎక్కు, దిగు, దాటు, దూరు చూస్తే మనం ఎటువైపో మీకే అర్థమవుతుంది.

నమ్మకం కుదరకపోతే మనందరికీ తెలిసిన సీన్ ఒకటి చెబుతాను. వినాయక నిమజ్జనం, హైదరాబాద్ ట్యాంక్‌బండ్. క్రేన్ ఏం చేస్తుంది? విగ్రహాన్ని లారీ మీంచి లేపి, రెయిలింగ్ దాటించి, నీళ్ళలోకి దించుతుంది. లేపి, దాటించి, దించుతుంది. మూడు క్రియలు వాడాం. ఇదే ఇంగ్లీషులో చూడండి.

“ద క్రేన్ లిఫ్ట్స్ ద ఐడల్ ఆఫ్ ద లారీ, ఓవర్ ద రెయిలింగ్ అండ్ డౌన్ ఇంటూ ద లేక్.”

క్రియ ఒక్కటే, లిఫ్ట్స్. మిగతా ప్రయాణమంతా ఆఫ్, ఓవర్, డౌన్ ఇంటూ అనే చిన్న మాటలే నడిపించాయి. ఇంగ్లీషులో ఇవి ఉప్పూకారం లాంటి అలంకారాలు కాదు ఫ్రెండ్స్. మన క్రియ చేసే పనిని అక్కడ ఇవి చేస్తున్నాయి. క్రియ వినకుండా తెలుగు వాక్యం అర్థమవుతుందా? కాదు. అలాగే ఇవి వినకుండా ఇంగ్లీషు దారి అర్థం కాదు.

సరే, లాజిక్ అర్థమైంది. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఏది వాడాలో ఎలా తెలుస్తుంది? మనల్ని ఇబ్బంది పెట్టే తెలుగు మాటలు మూడే మూడు: కి, నుంచి, దాటు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది ‘కి’. బ్యాంకుకి వెళ్ళాను, రూముకి వెళ్ళాను, స్టేజీకి వెళ్ళాను. అన్నిటికీ ‘కి’ సరిపోతుంది కాబట్టి మన నోరు అన్నిటికీ ‘టు’ అనేస్తుంది. కానీ తెలుగులోనే ఇంకా వివరంగా చెప్పే మాటలు ఉన్నాయి: లోకి, మీదకి. కాబట్టి చిట్కా ఏంటంటే, ‘కి’ అనుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. అక్కడ ‘లోకి’ అనే అర్థం ఉందా? ఉంటే ఇంటూ. ‘మీదకి’ అనే అర్థం ఉందా? ఉంటే ఆన్‌టు. రెండూ కాదు, ఆ చోటు దాకా వెళ్ళడమే ముఖ్యమైతే టు.

“ఐ వెంట్ టు ద బ్యాంక్.” బ్యాంకుకి వెళ్ళాను, పని ఉండి. “ఎ డాగ్ రాన్ ఇంటూ ద బ్యాంక్.” కుక్క బ్యాంకులోకి పరిగెత్తింది. “ద క్యాట్ జంప్డ్ ఆన్‌టు ద టేబుల్.” పిల్లి టేబుల్ మీదకి దూకింది.

ఇక్కడ మనకి ఒక లాభం కూడా ఉంది. లో, లోకి అనే తేడా మనకి పుట్టుకతో వచ్చింది. “పిల్లలు గదిలో పరిగెడుతున్నారు” అంటే లోపలే ఉన్నారు, లోపలే తిరుగుతున్నారు. “పిల్లలు గదిలోకి పరిగెత్తారు” అంటే బయట ఉన్నవాళ్ళు లోపలికి వచ్చారు. “రన్నింగ్ ఇన్ ద రూమ్”, “రాన్ ఇంటూ ద రూమ్”. ఇన్ అంటే లో, ఇంటూ అంటే లోకి. ఆన్ అంటే మీద, ఆన్‌టు అంటే మీదకి. మామూలు మాటల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా ఇంటూ బదులు ఇన్ అనేస్తారు, “గెట్ ఇన్ ద కార్” లాగా. అది మీ చెవికి అలవాటైతే మంచిదే. రాసేటప్పుడు మాత్రం తేడా పాటించండి.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు. “ఐ డ్రోవ్ టు ద గేట్” అంటే గేటు దాకా బండి నడిపాను. “ఐ డ్రోవ్ ఇంటూ ద గేట్” అంటే? గేటు లోపలికి వెళ్ళాననుకుంటున్నారా? కాదు, గేటుని గుద్దేశాను అని అర్థం! గేటు, గోడ, చెట్టు లాంటి వాటి ముందు ‘ఇంటూ’ వస్తే, వెళ్ళి ఢీకొట్టడమే. లోపలికి వెళ్ళాను అనాలంటే “ఐ డ్రోవ్ ఇన్ త్రూ ద గేట్” అనాలి. బయటి దేశంలో కారు నడుపుతూ, యాక్సిడెంట్ గురించి ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్లో చెప్పాల్సి వచ్చిందనుకోండి. “ఎ కార్ కేమ్ టువార్డ్స్ మీ” అంటే నా వైపు వచ్చింది, అంతే. తగిలిందో లేదో చెప్పలేదు. “ఎ కార్ రాన్ ఇంటూ మీ” అంటే గుద్దింది. ఒక్క చిన్న మాటతో జరిగిన సంగతే మారిపోయింది.

అన్నట్టు, “ఐ రాన్ ఇంటూ మై టీచర్ ఎట్ ద మాల్” అంటే మాత్రం టీచర్ని గుద్దలేదు, అనుకోకుండా కలిశాను అని. దాన్ని ఒక ఫ్రేజ్‌గా గుర్తుపెట్టుకోండి.

‘కి’ గురించి ఇంకొక్క మాట. “థ్రో ద బాల్ టు హిమ్” అంటే అతనికి బంతి వెయ్యి, అతను పట్టుకుంటాడు. “థ్రో ద బాల్ ఎట్ హిమ్” అంటే అతన్ని గురి చూసి కొట్టు. ‘టు’లో ఇవ్వడం ఉంది, ‘ఎట్’లో గురి ఉంది. “షౌటెడ్ టు మీ” అంటే దూరంలో ఉన్నాను కాబట్టి వినబడాలని గట్టిగా అరిచాడు. “షౌటెడ్ ఎట్ మీ” అంటే నా మీద అరిచాడు, తిట్టాడు. ఆఫీసులో మేనేజర్ గురించి హెచ్ఆర్‌కి మెయిల్ రాస్తున్నారనుకోండి, ఈ రెండిటికీ తేడా ఎంతో ఆలోచించండి.

రెండో మాట, ‘నుంచి’. ఇక్కడా అదే చిట్కా. ‘నుంచి’ అనుకున్నప్పుడు ఆగి, అది ‘లోంచి’ అవుతుందా, ‘మీంచి’ అవుతుందా చూడండి. లోంచి అయితే అవుట్ ఆవ్. మీంచి అయితే ఆఫ్. రెండూ కాకుండా బయలుదేరిన చోటు మాత్రమే అయితే ఫ్రమ్.

పలకడంలో ఒక మాట. ఒక ఎఫ్ ఉన్నదాన్ని ‘ఆవ్’ అని పలకాలి, రెండు ఎఫ్‌లు ఉన్నదాన్ని ‘ఆఫ్’ అని. మనం రెండిటినీ ‘ఆఫ్’ అనేస్తాం, అక్కడే చెవి కూడా మోసపోతుంది. లైట్ ఆఫ్ చెయ్యి అంటామే, అది రెండు ఎఫ్‌ల ఆఫ్. వస్తువు మీంచి ఊడి రావడం కూడా ఆ ఆఫే.

“హీ ఫెల్ ఆఫ్ ద ల్యాడర్.” నిచ్చెన మీంచి పడ్డాడు. “హీ ఫెల్ అవుట్ ఆవ్ ద విండో.” కిటికీలోంచి పడ్డాడు. “షీ కేమ్ ఫ్రమ్ గుంటూర్.” గుంటూరు నుంచి వచ్చింది. డాక్టర్‌కి చెప్పేటప్పుడు “బేబీ ఫెల్ ఆఫ్ ద బెడ్” అంటే బిడ్డ మంచం మీంచి కింద పడింది అని వెంటనే అర్థమవుతుంది. “ఫెల్ ఆన్ ద బెడ్” అంటే మంచం మీద పడింది, అంటే మెత్తగా పడింది, ఏం కాలేదు! ఇక్కడ చిన్న మాట తప్పితే డాక్టర్ అడగాల్సిన ప్రశ్నలే మారిపోతాయి.

ఈ చిట్కా పని చెయ్యని చోట్లు కూడా చెప్పాలి కదా. ఒకటి, బండ్లు. మనం బస్సులోంచి దిగాను అంటాం, వాళ్ళు “గాట్ ఆఫ్ ద బస్” అంటారు. కారు అయితే “గాట్ అవుట్ ఆవ్ ద కార్”. ఎందుకిలా? లోపల నిలబడి నడవగలిగిన బండి అయితే ఆన్, ఆఫ్ అనుకోండి: బస్సు, ట్రైన్, మెట్రో, విమానం, ఓడ. వంగి, కూలబడి కూర్చోవాల్సినదైతే ఇన్, అవుట్ ఆవ్: కారు, ఆటో. కాళ్ళు అటూ ఇటూ వేసి ఎక్కేదైతే మళ్ళీ ఆన్, ఆఫ్: సైకిల్, బైక్, గుర్రం. ఇది వ్యాకరణ సూత్రం కాదు, గుర్తుపెట్టుకోవడానికి ఒక గుర్తు. చాలాచోట్ల పనిచేస్తుంది.

రెండోది, చెట్టు. మనకి పిట్ట చెట్టు మీద ఉంటుంది. ఇంగ్లీషులో పిట్ట చెట్టులో ఉంటుంది, “ఇన్ ద ట్రీ”. వాళ్ళు చెట్టు అంటే కొమ్మలన్నీ కలిసిన ఒక గది లాగా చూస్తారు. అందుకే చెట్టు మీంచి పడితే “ఫెల్ అవుట్ ఆవ్ ద ట్రీ” అంటారు. ఇలాంటివి చూసినప్పుడు ‘ఏంటీ పిచ్చి’ అనుకోకండి, వాళ్ళు ఆ వస్తువుని ఎలా చూస్తున్నారో బొమ్మ ఊహించుకోండి. బొమ్మ కుదిరితే మాట దానంతటదే వస్తుంది.

మూడోది, అందరినీ తికమక పెట్టేది, ‘దాటు’. తెలుగులో రోడ్డు దాటాం, గోడ దాటాం, అడవి దాటాం, స్టాపు దాటాం. ఒకే క్రియ. ఇంగ్లీషులో నాలుగు వేరువేరు బొమ్మలు. తెలుగులోనే ఇలా విడదీసుకోండి: అడ్డంగా దాటామా, పైనుంచి దాటామా, లోపల్నుంచి దాటామా, పక్కనుంచి దాటామా?

అడ్డంగా ఇటువైపు నుంచి అటువైపుకి అయితే అక్రాస్. “వాక్ అక్రాస్ ద రోడ్.” రోడ్డు, నది, గ్రౌండ్ లాంటివి.

పైనుంచి అయితే ఓవర్. “హీ క్లైమ్డ్ ఓవర్ ద వాల్.” గోడ ఎక్కి అటు దిగాడు. డివైడర్ ఎక్కి దూకేవాళ్ళకి కూడా ఇదే మాట. ఆ పని మాత్రం చెయ్యకండి.

లోపల్నుంచి, చుట్టూ ఏదో ఉండగా మధ్యలోంచి వెళ్తే త్రూ. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలు గుర్తుతెచ్చుకోండి. కొండల్లో ఒకదాని తర్వాత ఒకటి సొరంగాలు, బోగీలో పిల్లలందరి కేకలు. “ద ట్రైన్ గోజ్ త్రూ టనల్స్.” అడవి, జనం గుంపు, గేటు, కిటికీ, ట్రాఫిక్, అన్నిటికీ త్రూ.

పక్కనుంచి, ఆగకుండా వెళ్ళిపోతే పాస్ట్. “ద బస్ వెంట్ పాస్ట్ మై స్టాప్.” స్టాపు దాటిపోయింది, నన్ను దింపలేదు. ఇందాక మ్యాప్‌లో కెఫే దగ్గర వచ్చింది ఇదే.

ఇప్పుడు అన్నిటినీ ఒకే చోట చూద్దాం. రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి మీద 1974లో మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెన ఉంది కదా. పై అంతస్తులో రోడ్డు, కింది అంతస్తులో రైళ్ళు. బస్సు ఎటు వెళ్తోంది? “ఓవర్ ద బ్రిడ్జ్.” వంతెన పైనుంచి. నది సంగతి? “అక్రాస్ ద రివర్.” నదికి అడ్డంగా. కింద నీళ్ళలో వెళ్ళే పడవ? “అండర్ ద బ్రిడ్జ్.” వంతెన కిందినుంచి. ఏటివాలుకి వెళ్తే “డౌన్ ద రివర్”, ఎదురెళ్తే “అప్ ద రివర్”. వంతెన ఒకటే, నది ఒకటే. ఎవరు దేనితో ఎలా వెళ్తున్నారన్న దాన్నిబట్టి మాట మారింది.

ఇంకో చోటు, మళ్ళీ హుస్సేన్‌సాగర్. సాయంత్రం ట్యాంక్‌బండ్ పొడవునా నడుస్తున్నారు: “వాకింగ్ అలాంగ్ ట్యాంక్‌బండ్.” పొడవునా, వెంబడి అంటే అలాంగ్. బండి మీద నెక్లెస్ రోడ్డు కూడా కలుపుకుని చెరువు చుట్టూ వచ్చారు: “రోడ్ రౌండ్ ద లేక్.” అమెరికాలో అయితే ‘అరౌండ్’ అంటారు, రెండూ కరెక్టే. లుంబినీ పార్క్ నుంచి పడవ ఎక్కి బుద్ధ విగ్రహానికి వెళ్ళారు: “టుక్ ఎ బోట్ టు ద బుద్ధ స్టాచ్యూ.” రోడ్డుని పొడవునా చూస్తే అలాంగ్, అడ్డంగా చూస్తే అక్రాస్. ఈ రెండూ తారుమారు చేస్తే “రోడ్డు వెంబడి వెళ్ళు” అన్నది “రోడ్డు దాటు” అయిపోతుంది.

ఎక్కడం, దిగడం మర్చిపోలేదు. అలిపిరి నుంచి తిరుమలకి సుమారు 3,550 మెట్లు. “వి వాక్డ్ అప్ ద స్టెప్స్ అండ్ టుక్ ద బస్ డౌన్ ద ఘాట్ రోడ్.” నడకలో ఎక్కడం ‘అప్’లో ఉంది, బస్సులో దిగడం ‘డౌన్’లో ఉంది. ఇంకో చిన్న విషయం: “గో డౌన్ దిస్ రోడ్” అని ఎవరైనా అంటే పల్లం కోసం వెతకొద్దు. ఈ రోడ్డు వెంబడే వెళ్ళు అని మాత్రమే. రోడ్డు చదునుగా ఉన్నా అలాగే అంటారు.

మరి వైపు, దాకా? “వాక్ టువార్డ్స్ ద టెంపుల్” అంటే గుడి వైపు నడువు. గుడికి చేరాలని లేదు. “వాక్ యాజ్ ఫార్ యాజ్ ద టెంపుల్” అంటే గుడి దాకా నడువు, అక్కడ ఆగు. “వాక్ టు ద టెంపుల్” అంటే గుడికి వెళ్ళు. “వాక్ పాస్ట్ ద టెంపుల్” అంటే గుడి దాటి పో. ఒకే గుడి, ఒకే నడక. మీరు నిలబడే చోటు మాత్రం నాలుగు రకాలు. క్యాబ్ డ్రైవర్‌కి ఇంగ్లీషులో దారి చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే, వాన్లో గొడుగేసుకుని వీధి చివర నిలబడే పని తప్పుతుంది.

ఇప్పుడు ఏ చిన్న మాటా అక్కర్లేని చోట్లు. మన ‘కి’ ఇక్కడ అదనంగా ‘టు’ని పట్టుకొస్తుంది, దాన్ని బయటే ఆపాలి.

ఇంటికి వెళ్ళాను, “ఐ వెంట్ హోమ్.” ‘టు హోమ్’ కాదు. ఇక్కడికి రా, “కమ్ హియర్.” అక్కడికి వెళ్ళు, “గో దేర్.” మేడ మీదకి, “అప్‌స్టెయిర్స్.” విదేశాలకి, “అబ్రాడ్.” ‘ఐ వాంట్ టు గో టు అబ్రాడ్’ అని వీసా ఇంటర్వ్యూకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు కూడా అంటుంటారు. “గో అబ్రాడ్” చాలు. ఎందుకంటే ఈ మాటల్లో ‘కి’ ముందే కలిసిపోయి ఉంది.

అలాగే కొన్ని క్రియలు మన తెలుగు క్రియల లాగే దారిని తమలోనే పెట్టుకుంటాయి. రీచ్, ఎంటర్, క్రాస్. “ఐ రీచ్డ్ ద స్టేషన్”, “షీ ఎంటర్డ్ ద రూమ్”, “వి క్రాస్డ్ ద రివర్”. వీటి పక్కన టు, ఇంటూ, అక్రాస్ పెడితే ఒకే పని ఇద్దరికి అప్పగించినట్టు. ‘అరైవ్’ మాత్రం వేరు. దానికి చిన్న మాట కావాలి కానీ అది ‘టు’ కాదు. స్టేషన్, ఎయిర్‌పోర్ట్ లాంటి చోటుకైతే “అరైవ్డ్ ఎట్”, ఊరికైతే, దేశానికైతే “అరైవ్డ్ ఇన్”.

ఆఖరిగా ఒకటి, ఇది చాలా ముఖ్యం. “ఐ లెఫ్ట్ హైదరాబాద్” అంటే హైదరాబాద్ వదిలి బయలుదేరాను. “ఐ లెఫ్ట్ ఫర్ హైదరాబాద్” అంటే హైదరాబాద్‌కి బయలుదేరాను. పూర్తిగా ఎదురెదురు! మీరు విజయవాడలో ఉండి “లెఫ్ట్ హైదరాబాద్” అని బాస్‌కి మెసేజ్ పెడితే, మీరు హైదరాబాద్ వదిలేశారని ఆయన అనుకుంటాడు. మూడక్షరాల ‘ఫర్’ లేకపోతే బండి రివర్స్‌లో పోతుంది.

సరే, ప్రాక్టీస్ ఎలా? పుస్తకం అక్కర్లేదు, మీ చేతిలో ఫోన్ చాలు.

ఒకటి. మ్యాప్స్ యాప్‌లో వాయిస్ ఇంగ్లీషులో పెట్టుకోండి. తెలిసిన దారికే పెట్టండి, ఎందుకంటే మీరు దారి కోసం కాదు, చిన్న మాటల కోసం వింటున్నారు. “టర్న్ లెఫ్ట్ ఆన్‌టు” అని వస్తుంది, “మెర్జ్ ఆన్‌టు” అని వస్తుంది. ఎడమకి తిరగడం ‘టర్న్ లెఫ్ట్’లో ఉంది, ఆ కొత్త రోడ్డు మీదకి ఎక్కడం ‘ఆన్‌టు’లో ఉంది. మీదకి అంటే ఆన్‌టు అని చెప్పుకున్నాం కదా, కళ్ళ ముందే కనబడుతుంది. బండి నడుపుతూ కాదు, వెనక సీట్లోనో బస్సులోనో కూర్చున్నప్పుడు చెయ్యండి.

రెండు. మీ ఇంటి నుంచి కాలేజీకో ఆఫీసుకో దారిని ఇంగ్లీషులో చెప్పి వాయిస్ రికార్డ్ చెయ్యండి, ఒక్క నిమిషం. షరతు ఒకటే: ‘గో’ అనే క్రియ తప్ప వేరే క్రియ వాడకూడదు. గో అవుట్ ఆవ్ ద గేట్, గో అలాంగ్ ద లేన్, గో పాస్ట్ ద టిఫిన్ సెంటర్, గో అక్రాస్ ద మెయిన్ రోడ్, గో అప్ ద స్టెయిర్స్. క్రియ ఒక్కటే అయినప్పుడు దారి చెప్పే భారమంతా చిన్న మాటల మీదే పడుతుంది, తప్పించుకోవడం కుదరదు. ఇది బోరుగా అనిపించొచ్చు కానీ వారం రోజులు చేసి చూడండి.

మూడు. ఆ రికార్డింగ్ ఒక ఫ్రెండ్‌కి పంపి, విని కాగితం మీద దారి గీయమనండి. మీరనుకున్న దారి, వాళ్ళు గీసిన దారి ఒకటైతే మీరు పాస్. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఉన్న చిన్న మాటని పట్టుకోండి. లిజనింగ్ మ్యాప్ ప్రశ్నకి ఇంతకన్నా మంచి ప్రాక్టీస్ నాకు తెలీదు, ఎందుకంటే చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ ఇద్దరికీ పని చేస్తుంది.

పరీక్షలో ఇంకొక్కటి చెయ్యండి. ఆడియో మొదలయ్యే ముందు మ్యాప్ చూసుకోవడానికి కొద్ది సమయం ఇస్తారు. ఆ సమయంలో బిల్డింగుల పేర్లు మాత్రమే చదివి ఊరుకోకండి. వాటి మధ్య ఏమున్నాయో చూడండి. వంతెన ఉందా? అయితే ఓవర్ రావచ్చు. చెరువు ఉందా? రౌండ్ రావచ్చు. గేటు ఉందా? త్రూ. పొడవాటి బాట ఉందా? అలాంగ్. ఏ చిన్న మాట రాబోతోందో ముందే ఊహిస్తే, వచ్చినప్పుడు చెవి దాన్ని వదలదు.

ఇక హోంవర్క్. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పండి: “దొంగ గోడ దూకి, తోటలోంచి పరిగెత్తి, మా ఇంటి పక్కనుంచి దాటి, మెయిన్ రోడ్డు మీదకి పారిపోయాడు.” తెలుగులో దూకి, పరిగెత్తి, దాటి, పారిపోయాడు, మొత్తం నాలుగు క్రియలు. ఇంగ్లీషులో ‘రాన్’ లాంటి ఒక్క క్రియతో, మిగతా అంతా చిన్న మాటలతో చెప్పడానికి ప్రయత్నించండి. క్రేన్ వాక్యం గుర్తుందిగా, అదే పద్ధతి. జవాబు వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెబుతాను, అప్పటిదాకా మీది మీరు రాసి పెట్టుకోండి.

ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.